కోసేది మిషను... ఏరేది మనం!

రీల్స్‌లో చూస్తే రెండు నిమిషాల ముచ్చట. మెరుపు కాగితం లోపలికి వెళ్తుంది, పాప పేరు బయటికి వస్తుంది. ఇంట్లో పెట్టుకునే క్రాఫ్ట్ కటింగ్ మిషను మీద ముప్పై, నలభై వేలు పోయొచ్చా? డబ్బు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో ఏ వేడుక చేసినా పేరు పడని వస్తువంటూ ఉండటం లేదు. మొదటి పుట్టినరోజంటే కేకు మీద పాప పేరు, వెనక కట్టిన తెర మీద పేరు, నీళ్ల సీసాకి పేరు, చివరికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్టు సంచీకి కూడా పేరే. సీమంతం, అన్నప్రాసన, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం... ఏదైనా సరే గోడకి బంగారు రంగు అక్షరాలు, చుట్టూ కాగితం పూలు ఉండాల్సిందే. ఒకప్పుడు ఈ పని డెకరేషన్ వాళ్లది. థర్మకోల్ షీటు మీద పెన్సిలుతో అక్షరం గీసి, వేడి తీగతో కోసి, పైన చమ్కీ చల్లి తెచ్చేవాళ్లు. ఇప్పుడదంతా ఇంట్లోనే అయిపోతుందని ఫోన్లో రీల్స్ ఊరిస్తున్నాయి.

ఆ రీల్ చూడనివాళ్లు తక్కువ. ప్రింటరంత తెల్లపెట్టె ఒకటి కాగితాన్ని లోపలికి లాక్కుంటుంది. సన్నటి బ్లేడు అటూ ఇటూ పరుగెడుతుంది. బయటికి రాగానే రెండు వేళ్లతో అంచు పట్టి లాగితే పేరు పేరంతా చక్కగా విడివడుతుంది. అంతే, "ఎంతట? ఎక్కడ దొరుకుతుందట?" అని ఆ రాత్రికే ఇంట్లో చర్చ మొదలవుతుంది.

మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు క్రికట్, సిల్హౌట్. జపాన్ కంపెనీ బ్రదర్‌ది స్కాన్‌ఎన్‌కట్ అని మరొకటుంది. నాలుగున్నర అంగుళాల వెడల్పు మాత్రమే కోసే చిన్న రకాలు 15, 20 వేల మధ్యలో దొరుకుతాయి. పన్నెండు అంగుళాల వెడల్పువి 30 వేల నుంచి 50 వేల దాకా, కొన్ని ఆ పైన కూడా ఉన్నాయి. ఇది మిషను ధర మాత్రమే. అసలు ఖర్చు సంగతి తర్వాత చెప్పుకుందాం.

పెట్టె లోపల జరిగేది

పని తీరు తెలిస్తే సగం మోజు దానంతటదే సర్దుకుంటుంది. ప్రింటరులో ఇంకు తల ఉన్నచోట ఇందులో బ్లేడు ఉంటుంది. కాగితాన్ని జిగురున్న ప్లాస్టిక్ మ్యాట్ మీద అంటించి పెడితే రోలర్లు దాన్ని ముందుకీ వెనక్కీ నడుపుతాయి, బ్లేడు పక్కలకి కదులుతుంది. ఈ రెండు కదలికలూ కలిస్తే వంపు వస్తుంది. స్టిక్కరు షీటయితే పై పొర మాత్రమే తెగి, కింది కాగితం తెగకుండా ఉండాలి. అందుకే బ్లేడు ఎంత నొక్కాలన్నది గ్రాముల్లో లెక్క. క్రికట్‌లో ఎక్స్‌ప్లోర్ రకం దాదాపు 400 గ్రాముల ఒత్తిడి పెడితే, మేకర్ రకం నాలుగు కిలోల దాకా పెడుతుంది. రెండోదాంతో బట్టకి గుండ్రంగా తిరిగే బ్లేడు, పల్చటి చెక్కకి కత్తి బ్లేడు వేసుకోవచ్చు. చెక్కయినా 2.4 మిల్లీమీటర్లు దాటకూడదు. డబ్బా మీద వందల రకాల వస్తువులు కోస్తుందని రాసి ఉంటుంది. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ వందల్లో మనింట్లో వాడేవి ఎన్నని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఒక చెయ్యి సరిపోతుంది: చార్టు, కార్డు, స్టిక్కరు, గ్లిటర్ ఫోమ్, టీషర్టు మీద ఇస్త్రీ చేసి అంటించే వినైల్.

ఈ మిషన్లు బల్లపరుపు వస్తువుల్ని తప్ప ముట్టుకోవు. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోవడం మనకి తరాల అలవాటు కాబట్టి చాలామందికి మొదట వచ్చే అనుమానం అదే. మేకర్‌కి చెక్కే మొన ఉన్న మాట నిజమే కానీ, అది అల్యూమినియం లాంటి మెత్తటి లోహపు రేకుల మీద నడుస్తుంది. మీ చెంబు దాని కిందికి దూరదు. సంత దగ్గర పేర్లు కొట్టే అతని గిరాకీకి దీనివల్ల వచ్చిన ఢోకా ఏమీ లేదు.

కోత అయ్యాక అసలు పని మొదలవుతుంది. రీల్స్‌లో ఎగరగొట్టేసే భాగం ఇదే. తెగిన స్టిక్కరు షీటులో మనకి కావాల్సిన అక్షరాలూ ఉంటాయి, అక్కర్లేని చుట్టుపక్కల వినైలూ ఉంటుంది. కొక్కెంలాంటి సూదితో అక్కర్లేనిదాన్ని లేపి పీకెయ్యాలి. అక్షరాల కడుపులో మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటిగా పొడిచి తియ్యాలి. అవి సూదికీ, వేలికీ, గాజులకీ అంటుకుంటూ ఉంటాయి. తర్వాత పైన ట్రాన్స్‌ఫర్ టేపు పరిచి, ప్లాస్టిక్ కార్డుతో రుద్ది, అక్షరాలు టేపుతోపాటు లేచాయో లేదో చూసుకుని, అప్పుడు సీసా మీదికి దించాలి. కోతకి నిమిషం పడితే దీనికి పావుగంట, అరగంట. సన్నటి అక్షరాలయితే ఇంకాసేపు. ఈ పని మనసుకి హాయిగా ఉంటుందనేవాళ్లున్నారు. పది పేర్లయ్యేసరికి మెడ పట్టేసిందనేవాళ్లూ ఉన్నారు. మీరు రెండింట్లో ఏ కోవకి వస్తారో కొనకముందే తెలుసుకోవడం మంచిది. దానికి మిషను అక్కర్లేదు, రేడియం షాపులో కోయించిన ఓ షీటు ఇంటికి తెచ్చుకుని ఏరి చూస్తే చాలు.

ఆల్బమ్ పేజీల కోసం పుట్టింది

ఈ మిషన్ల పుట్టిల్లు అమెరికాలోని ఊటా రాష్ట్రం. ప్రోవో క్రాఫ్ట్ అనే హస్తకళల సామాన్ల కంపెనీ 2000ల మధ్యలో మొదటి క్రికట్‌ని తెచ్చింది. తర్వాత కంపెనీ పేరే క్రికట్ అయింది. సిల్హౌట్ కూడా ఆ రాష్ట్రందే, దాని వెనక జపాన్‌కి చెందిన గ్రాఫ్‌టెక్ ఉంది. ఊటానే ఎందుకంటే, అక్కడ మార్మన్ మతస్థులు ఎక్కువ. వంశవృక్షాలు రాసుకోవడం, కుటుంబ చరిత్రని భద్రపరచడం వాళ్లకి మతం నేర్పిన అలవాటు. ఫొటోలు అంటించి, చుట్టూ రంగు కాగితం కత్తిరింపులు పెట్టి, పక్కన కబుర్లు రాసే స్క్రాప్‌బుక్ అక్కడ పెద్ద వ్యాపకమై, తర్వాత పెద్ద వ్యాపారమైంది. ఆ పేజీల కోసం పుట్టిన మిషను ఇది.

మనకి ఆ అవసరం పడలేదు. పెళ్లి ఫొటోలు స్టూడియోవాళ్లు కరిజ్మా ఆల్బం చేసి చేతిలో పెట్టేస్తారు. అందుకే మిషనుతోపాటు దొరికే డిజైన్లలో క్రిస్మస్ చెట్లు, హాలోవీన్ గుమ్మడికాయలు కోకొల్లలుగా ఉంటాయి కానీ, మామిడి తోరణమో కలశమో కావాలంటే వెతుక్కోవాలి, లేదా మనమే గీసుకోవాలి. సొంతంగా గీసుకోగలిగినవాళ్లకి మిషను విలువ రెట్టింపవుతుంది. గీయడం రానివాళ్లు కొన్నాళ్లు అక్కడివీ ఇక్కడివీ దించుకుని కోస్తారు. తర్వాత పెట్టె మీద దుమ్ము గుడ్డ పడుతుంది.

'పాఠశాల'లో చుక్క జారితే

తెలుగువాళ్లకి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంగ్లిషులో ఆన్య అని కోయాలంటే నాలుగు అక్షరాలు పక్కపక్కన ఆనించి కలిపేస్తే ఒకే ముక్కగా వస్తుంది. కేకు మీద గుచ్చడానికి కింద ఓ పుల్ల తగిలిస్తే సరి. అదే 'సహస్ర' అని తెలుగులో కోయండి. చాలా ఫాంట్లలో స, హ మీది తలకట్టు కింది అక్షరానికి తగలదు. ర ఒత్తు కూడా విడిగా ఉంటుంది. స్టిక్కరయితే ట్రాన్స్‌ఫర్ టేపు అన్నింటినీ ఉన్నచోటే పట్టుకుని దించుతుంది కాబట్టి ఫర్వాలేదు. కార్డు మీదో ఫోమ్ మీదో కోస్తే తలకట్లన్నీ విడివిడిగా మ్యాట్ మీద మిగిలిపోతాయి.

ఠ, థల కథ ఇంకోలా ఉంటుంది. వాటి కడుపులో ఉన్న చుక్క ఏ గోడకీ ఆనదు. కార్డు మీద 'పాఠశాల' కోస్తే చుక్క జారిపోయి 'పారశాల' మిగులుతుంది. 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. (అలా రాసేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు.) ముగ్గు కోసమో గోడకి రంగు వెయ్యడానికో స్టెన్సిల్ కోస్తే చిక్కు తిరగబడుతుంది. అక్కడ అక్షరం గీత ఖాళీ అవుతుంది, లోపలి భాగం ఉండాలి. సున్నా మధ్యలో ఉండాల్సిన ముక్క ఊడిపడితే గోడ మీద పడేది సున్నా కాదు, రంగు ముద్ద. అందుకని లోపలి ముక్కని బయటి షీటుతో కలుపుతూ సన్నటి వంతెనలు వదలాలి.

వీటికి మార్గాలున్నాయి. ఒకటి, లావుపాటి ఫాంటు ఎంచుకోవడం. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన తెలుగు యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర లాంటివి ఇలాంటి పనికి అచ్చొస్తాయి. సన్నగీతల ఫాంట్లు చూడ్డానికి సొగసుగా ఉన్నా కోతలో చిరుగుతాయి. రెండోది, అక్షరాల చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు పెంచి వెనకో పొర కోయడం. ఆఫ్‌సెట్ అంటారు దీన్ని. వెనక తెలుపు, ముందు బంగారు రంగు పెడితే ఊడిపోయే తలకట్లు, చుక్కలు, ఒత్తులు అన్నీ దాని మీద అతుక్కుని కూర్చుంటాయి, చూపుకీ బాగుంటుంది.

టైపు చేయడం మరో తంటా. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు కొడితే ఒత్తులు విడిపోయి, గుణింతం పక్కకి పోయి కనిపిస్తుంది. కాబట్టి తెలుగుని ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్షరాన్ని గీతగా మార్చి, ఎస్వీజీ ఫైలుగా దాచుకుని, అప్పుడు మిషను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవాలి. ఇది నేర్చుకోవడానికి ఓ ఆదివారం చాలు. అదీ కుదరకపోతే వీధిలో డీటీపీ చేసే అబ్బాయిని పట్టుకోండి. అతను కోరల్‌డ్రాలో అను ఫాంట్లతో కొట్టి, కర్వ్స్‌లోకి మార్చి ఇచ్చేస్తాడు. అప్పుడది అక్షరం కాదు, ఉత్త బొమ్మ. ఏ మిషనైనా కోస్తుంది.

వీధి చివరే ఉంది ఒకటి

కొనాలనుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే. ఇలాంటి మిషను మన ఊళ్లలో ఎప్పట్నుంచో ఉంది. రేడియం షాపులో గోడవారన నిలబెట్టి ఉంటుంది చూడండి, రెండడుగుల వెడల్పు రోలు వేసుకుని 'జుయ్ జుయ్' మంటూ బళ్లకి పేర్లు కోసేది, ఇంటి మిషనుకి అది పెద్దన్న. కంప్యూటరు చెప్పినట్టు వినైల్‌ని కోసి సైన్‌బోర్డులు చేసే పద్ధతిని 1980ల మొదట్లో అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చింది గెర్బర్ కంపెనీ. దాని స్థాపకుడు జోసెఫ్ గెర్బర్ వియన్నాలో పుట్టి, నాజీల బారి నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరినవాడు. అక్కడ చేత్తో బోర్డులు రాసేవాళ్లకి ఆ మిషను ఎసరుపెట్టింది. మన దగ్గర ఆ పని ఫ్లెక్సీ చేసిందనుకోండి, అది వేరే సంగతి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లన్నీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటుతోనే వస్తున్నాయి. రేడియం షాపుల్లో నంబర్ల పని తగ్గింది కాబట్టి చిన్నా చితకా పనులకి వాళ్లు ముఖం తిప్పుకోవడం లేదు. మా వీధి షాపులో నిలబడితే సంభాషణ ఇలా సాగుతుంది:

"అన్నా, పాప బాటిలుకి పేరు కావాలి. ఇంతే, రెండంగుళాలు."

"ఏ కలర్ మేడం? తెలుగా, ఇంగ్లిషా?"

"తెలుగే. ఎంతవుద్ది?"

"ఒకటైతే ముప్పై. క్లాసు పిల్లలందరికీ అయితే చెప్పండి, పదికి చేసిస్తా. ఏరుకోవడం మాత్రం మీరే ఏరుకోవాలి."

ఆ చివరి మాటలో వ్యాపారమంతా ఉంది. కోతకి విలువ పది రూపాయలు, ఏరివేతకి ఇరవై.

రేడియం షాపువాళ్లు కార్డు, ఫోమ్ ముట్టుకోరు. చెక్కలాంటి ఎండీఎఫ్, అక్రిలిక్ కావాలంటే లేజర్ కటింగ్ షాపులున్నాయి. ఇంటి మిషన్లు ఎంత తిప్పలుపడ్డా కోయలేని మందాన్ని లేజరు అలవోకగా కోస్తుంది. (స్టిక్కరు వినైల్‌ని మాత్రం లేజరు కింద పెట్టకూడదు, పీవీసీ కాలితే విషవాయువులు వస్తాయి.) తయారు సరుకు చాలంటే హైదరాబాద్ బేగంబజార్లో, విజయవాడ వన్‌టౌన్లో బస్తాలకొద్దీ దొరుకుతుంది. ఇవన్నీ తీసేయగా ఇంటి మిషనుకి మిగిలేవి కార్డు, పల్చటి ఫోమ్, టీషర్టు వినైల్, రోజుకో డిజైను మారే చిన్న స్టిక్కర్లు. మీకు తరచుగా పడే అవసరం ఈ నాలుగింట్లో ఉందా అన్నదే ప్రశ్న.

బట్ట కూడా కోస్తుంది కదా అని దర్జీ పని చేసేవాళ్లు అడుగుతుంటారు. మ్యాట్ పెద్దదైనా పన్నెండుకి ఇరవై నాలుగు అంగుళాలే. జాకెట్టు వీపు ముక్క దాని మీద పట్టించడానికి పడే తిప్పల్లో కత్తెరతో రెండు జాకెట్లు కోసెయ్యొచ్చు. మగ్గం పనివాళ్లు ట్రేసింగ్ పేపరు మీద సూదితో గుచ్చి, పొడి రుద్ది డిజైను దించుకుంటారు. వాళ్ల పద్ధతి వాళ్లకే చవక. ప్యాచ్‌వర్కు, చిన్న చిన్న పూల అతుకులు వేసేవాళ్లకయితే ఉపయోగముంది.

రూపాయల్లో చూస్తే

మిషను 35 వేలనుకుందాం. రెండు మూడు మ్యాట్లు, అదనపు బ్లేడు, పనిముట్లు, మొదటి విడత వినైల్, కార్డు కలిపి మరో 7 వేలు. మొత్తం 42 వేలు. మీ ఇంట్లో ఏడాదికి మూడు వేడుకలు జరిగితే, ఒక్కోదానికి ఈ అక్షరాల అలంకరణ బయట చేయిస్తే 1,500 అవుతుందనుకున్నా ఏడాదికి 4,500. అయిదేళ్లకి 22,500. మిషను ధర కూడా రాలేదు, ఆ అయిదేళ్లలో కొనే కాగితం ఖర్చు వేరే. సొంత వేడుకల కోసమే అయితే లెక్క ఏ మూలకీ కుదరదు. సరదా కోసమంటారా, దానికి లెక్కలెందుకు? కుట్టుమిషను కొని లంగాలు కుట్టుకున్నవాళ్లు అప్పుడూ లెక్క చూడలేదు. కాకపోతే అది సరదా అని ఒప్పుకుని కొనాలి, 'డబ్బు మిగుల్తుంది' అని ఇంట్లోవాళ్లకి చెప్పి కాదు.

అమ్మకానికైతే ఇంకో లెక్క. కేకు మీద పెట్టే పేరు 150కి అమ్మారనుకోండి. కార్డు, పుల్ల, చెడిపోయే ముక్కలు, ప్యాకింగు పోను 110 మిగిలితే 42 వేలు తిరిగి రావడానికి 380కి పైగా పేర్లు అమ్మాలి. వారానికి ఎనిమిది చొప్పున దాదాపు ఏడాది. ఒక్కోదానికి అరగంట మీ పని, అది ఇందులో వెయ్యలేదు. వారానికి ఎనిమిది ఆర్డర్లు వచ్చే దారి మీ దగ్గర ఇప్పటికే ఉంటే, అంటే ఇంట్లో కేకులు చేసే స్నేహితురాలో, అపార్టుమెంటు గ్రూపులో పేరో, బెలూన్ డెకరేషన్ చేసే తమ్ముడో ఉంటే కొనొచ్చు. మిషను వచ్చాక ఆర్డర్లు వస్తాయిలే అనుకునేవాళ్లకి మాత్రం నా సలహా, మొదటి యాభై ఆర్డర్లు బయట కోయించి ఇవ్వండి. లాభం తగ్గినా గిరాకీ ఉందో లేదో తేలిపోతుంది.

అమ్మేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. పిల్లల పుట్టినరోజంటే అందరూ అడిగేది ఛోటా భీమ్. ఆ బొమ్మ మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌ది. ఇంట్లో మీ బాబు కోసం కోసుకోవడం వేరు, బోర్డు పెట్టి అమ్మడం వేరు. రెండోదానికి హక్కుదారు అనుమతి కావాలి. డిస్నీ బొమ్మలకీ అంతే. ఇంటర్నెట్లో ఫైలు ఉచితంగా దొరికినంత మాత్రాన అమ్ముకునే హక్కు దాంతోపాటు రాదు. ఈ గొడవలేని ఏనుగు, నెమలి, తామర, రథం మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. సొంతంగా గీస్తే అవి ఇంకెవరి దగ్గరా దొరకవు కూడా.

నేను చూసినవాళ్లలో మిషను బంగారంలా ఉపయోగపడుతున్నది ప్రాథమిక పాఠశాల టీచర్లకి. తెలంగాణ బడుల్లో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక బోధనోపకరణాల మేళాలు జోరందుకున్నాయి. అక్షరాలు, గుణింతపు చక్రాలు, భిన్నాలకి గుండ్రటి ముక్కలు, పశువులు, పళ్లు... ఒకే బొమ్మ నలభై కావాలి, ఏడాది తిరిగేసరికి చిరిగితే మళ్లీ నలభై. కత్తెరతో అయితే వేళ్లు కాయలు కాస్తాయి. ఒక టీచరుగారింట్లో డైనింగ్ టేబులు సగం మిషనే ఆక్రమించింది. మ్యాట్ మీద పచ్చ కార్డు, దాని మీద అచ్చులు. పక్కన పాత సబ్బుపెట్టెలో ఒత్తులు ఏ గుర్తుకా గుర్తు కాగితపు పొట్లాల్లో. "కోతప్పుడు పిల్లలు చుట్టూ చేరి చూస్తారండీ. ఒత్తులు ఏరేటప్పుడు మాత్రం ఫ్యాను ఆపేసి, అందర్నీ బయటికి పంపించేస్తాను. ఒక్క తుమ్ము తుమ్మితే యావత్తు ఎగిరి ఎక్కడ పడుతుందో తెలీదు" అన్నారావిడ. ఆవిడ లెక్కలేవీ వెయ్యలేదు, వెయ్యాల్సిన అవసరమూ లేదు. ఒకే ఆకారం పదే పదే కావాల్సినవాళ్ల కోసమే ఈ మిషను.

బ్లేడు కాదు, సాఫ్ట్‌వేర్ చూడండి

కొందామని తేలాక ఏది కొనాలన్న ప్రశ్న. అమ్మేవాళ్లు వేగం, ఒత్తిడి చెబుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది సాఫ్ట్‌వేరు. క్రికట్‌ని నడిపే డిజైన్ స్పేస్‌కి ఖాతా కావాలి, ఎక్కువ పనికి ఇంటర్నెట్ ఉండాలి. వాడకం సులువు, మొదటిసారి పట్టుకున్నవాళ్లకీ గంటలో పని అవుతుంది. కానీ తాళంచెవి కంపెనీ చేతిలోనే ఉంటుంది. 2021 మార్చిలో ఇది అందరికీ తెలిసొచ్చింది. నెలవారీ చందా కట్టనివాళ్లు సొంత డిజైన్లు నెలకి 20కి మించి ఎక్కించడానికి వీల్లేదని కంపెనీ ప్రకటించింది. డబ్బు పోసి కొన్న మిషనుకి మళ్లీ అద్దె కట్టాలా అని వాడేవాళ్లు భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే సీఈవో ఆశిష్ అరోరా క్షమాపణ చెప్పి, నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే నెలాఖరులో కంపెనీ నాస్‌డాక్ షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. అంతకుముందు 2018లో క్రాఫ్ట్ రూమ్ అనే పాత సాఫ్ట్‌వేర్‌ని మూసేసినప్పుడు, దాని మీద ఆధారపడ్డ పాత మిషన్లు వాటికి తగిలించే కాట్రిడ్జిలోని బొమ్మలు కోయడానికి తప్ప పనికిరాకుండా పోయాయి.

సిల్హౌట్ సాఫ్ట్‌వేర్ కంప్యూటరులో ఉంటుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఉచిత రకంలో మాత్రం ఎస్వీజీ ఫైలు తెరుచుకోదు, దానికి ఒకసారి డబ్బు కట్టి పై రకం తీసుకోవాలి. తెలుగు అక్షరాలు బయట తయారుచేసుకుని తెచ్చుకునేవాళ్లు ఆ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి. నేర్చుకోవడానికి ఇది కొంచెం మొండి. స్కాన్‌ఎన్‌కట్‌కయితే కంప్యూటరే అక్కర్లేదు. చేత్తో గీసిన బొమ్మని అదే స్కాన్ చేసి, అంచు పట్టుకుని కోస్తుంది. ముగ్గులు చేత్తో వేసేవాళ్లకి ఇంతకంటే కావాల్సింది లేదు, ధర మాత్రం మిగతావాటికంటే ఎక్కువే. రోజూ వాడని ఇంటికి, నేర్చుకునే ఓపిక లేనివాళ్లకి క్రికట్ నయం. తెలుగులో ఎక్కువ పని, సొంత డిజైన్లు ఉన్నవాళ్లకి నేను సిల్హౌట్ వైపే మొగ్గుతాను.

డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో అక్కయ్య తెచ్చి ఇస్తానంటే సంతోషమే. మిషను అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే మన కరెంటుకి ఇబ్బంది లేదు. టీషర్టులకి వాడే ఈజీప్రెస్ లాంటి ఇస్త్రీ మాత్రం అక్కడిది 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే దాని పని అయిపోయినట్టే. దాన్ని అక్కడే వదిలెయ్యమని, వినైల్ రోళ్లు తెమ్మని చెప్పండి. ఒరాకల్ బ్రాండుది గాజు మీద, సీసాల మీద గట్టిగా ఉండాలంటే 651, గోడ మీద వేసి తర్వాత పీకెయ్యాలంటే 631. ఏదైనా సరే తినేది తగిలే వైపు అంటించకూడదు. వారంటీ అక్కడిది ఇక్కడ చెల్లుతుందా అన్నది కొనేముందే అడిగించండి.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు అమ్మేవాళ్లింట్లోనే కరెంటు పెట్టించి, మన ఫైలు మనం తీసుకెళ్లి కోయించాలి. పెద్ద సున్నా ఒకటి కోయించండి. గీత మొదలుపెట్టిన చోటుకే వచ్చి కలవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా రోలర్లో, బెల్టో అరిగాయని అర్థం. జిగురు పోయిన మ్యాట్లు, మొద్దుబారిన బ్లేడు ఉచితంగా ఇస్తున్నామంటే మురిసిపోనక్కర్లేదు, అవి కొత్తవి కొనాల్సిందే. వాళ్ల ఖాతాలోంచి మిషనుని తీయించి మన పేరు మీద నమోదు చేయించుకున్నాకే డబ్బు చేతిలో పెట్టాలి. ఇన్నీ సరిపోయి సగం ధరకి దిగితే తెచ్చుకోవచ్చు. ముప్పావు ధర అడుగుతుంటే కొత్తదే నయం, వారంటీ అయినా ఉంటుంది.